నామశాలలో బంగారు ముల్లు

అర్కపురిలో మనిషిని చంపినవాడికి చెరసాల. సీతాకోకచిలుకను చంపినవాణ్ణి కొరత వేస్తారు. నవ్వితే నవ్వండి గానీ, ఆ ఊళ్ళో అడుగుపెట్టాక మాత్రం నవ్వకండి. ఆ రాజ్యానికి కోటగోడ లేదు, కందకం లేదు. ఊరి చుట్టూ ఉన్నదల్లా జిల్లేడు వనం. తెల్ల జిల్లేడు, ఎర్ర జిల్లేడు, వాటిని అల్లుకున్న పాలతీగలు, ఆ తీగల నిండా రెక్కలు. పొద్దెక్కి ఎండ తగలగానే ఆ రెక్కలన్నీ ఒక్కసారి విచ్చుకుంటే నారింజ, నీలం, మసి నలుపు, వెండి తెలుపు కలిసి వనమంతా పట్టుచీర ఆరేసినట్టు కదిలేది. ఒకప్పుడు దండెత్తి వచ్చిన శత్రువుల గుర్రాలు ఆ ఆకు మేసి నురగలు కక్కి కూలిపోయాయట. ఆనాటి నుంచి జిల్లేడు ఆ ఊరికి తల్లి. ఆ ఆకు తిని పెరిగే సీతాకోకలు ఆ ఊరికి ఆడపడుచులు.

ఆడపడుచులకు పేర్లు లేకపోతే ఎలా? అందుకే రాజుగారి కొలువు పక్కనే ఒక భవనం కట్టారు. దాన్ని నామశాల అంటారు. స్ఫటికపు పలకలు పరిచిన పైకప్పు, గంధపు చెక్క స్తంభాలు, స్తంభానికో నెమలికంఠం రంగు తెర. లోపల మాత్రం పండితులు పొద్దస్తమానం కోడిపుంజుల్లా కీచులాడుకుంటూ ఉండేవారు. పేరు పెట్టే పద్ధతి మన పద్ధతే. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. జిల్లేడు పాలు తాగి పెరిగినవన్నీ జిల్లేటివారు. వాటిలో నారింజ రెక్కలకు నల్ల అంచున్నది జిల్లేటి పులిచార. నల్ల రెక్క మీద నీలి మెరుపున్నది జిల్లేటి కాకినీలం. చెట్ల నీడలో తెల్లగా తేలుతూ పోయేది జిల్లేటి వెన్నెల.

కొత్త జాతి దొరికిందంటే సభ కూడాలి, వాదం జరగాలి, రాజుగారి ఎదుట పేరు ఖాయం కావాలి. ఖాయమైన మరుక్షణం ఆ సీతాకోక గుండెలో బంగారు ముల్లు దించి, ఆ పేరుకు సాక్షిగా గోడకు నిలబెడతారు. ఆ రాజ్యంలో సీతాకోకను చంపడానికి చట్టం ఒప్పుకునే సందర్భం అదొక్కటే. సాక్షి ఒకసారి నిలబడ్డాక ఆ జాతికి మళ్ళీ పేరు పెట్టరాదు, మళ్ళీ ముల్లు ఎత్తరాదు. తెలియక ఎవరైనా పట్టి తెచ్చినా సభలోనే వల విప్పి గాలికి వదిలేయాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు మధ్యాహ్నం ఆ సభలో ఒక సీతాకోక గుండెలో ముల్లు దిగబోతోంది. ఆ సీతాకోక తన చెల్లెలు మధూలిక అని కుంభగిరి యువరాజు కీర్తిసేనుడు నమ్ముతున్నాడు.

నామశాల పెరట్లో యువరాజు తలకు గుడ్డ చుట్టుకుని, కేశవయ్య అనే పేదింటి విద్యార్థి వేషంలో, ఎండిన నాగదంతి కొమ్మలను కట్టలు కడుతున్నాడు. పక్కనే అతని సేవకుడు బుర్రయ్య వంటవాడి వేషంలో బీరకాయలు తరుగుతున్నాడు. వేషమంటే వేషమే గానీ బుర్రయ్య తరిగిన ముక్కలు చూస్తే పశువు కూడా ముట్టదు.

"దొరా, నాకీ ఊరు నచ్చలేదు" అన్నాడు బుర్రయ్య గొంతు తగ్గించి. "ఎవరిని చూసినా వెనక్కి తిరిగి చూసి మరీ మాట్లాడుతున్నారు. నీళ్ళు పోసే ఆమె కూడా నా వంక అనుమానంగా చూసింది."

"నీ తరుగుడు చూసి ఉంటుంది" అన్నాడు కీర్తిసేనుడు. అన్నాడే గానీ అతని కళ్ళు ఎదుటి చావడి తలుపు మీదే ఉన్నాయి.

ఆ చావడిలోనే నామాచార్యుడు పరాంకుశులవారు ఉంటారు. ఆయనంటే యువరాజుకు వచ్చిన నాటి నుంచీ పడదు. ఎండాకాలంలో కూడా తలపాగా తీయని మనిషి. గూళ్ళ చావడిలోకి, అంటే పురుగులు గూడు కట్టుకుని వేలాడే గదిలోకి, పిట్టను కూడా రానివ్వడు. ఎవరైనా దగ్గరికొస్తే చేయి తలపాగా మీదికి పోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు గొణుక్కుంటాడు. మాంత్రికుడికి ఇంతకంటే గుర్తులేం కావాలి?

మాంత్రికుడంటే ధూమకంఠుడు. ఉయ్యాల మండపంలో ఆడుకుంటున్న మధూలికను నల్లని పొగలా వచ్చి ఎత్తుకుపోయినవాడు. పురుగు జన్మ, గూటి జన్మ, రెక్కల జన్మ మూడూ గడిపిన రాజకన్య రెక్కల పొడితో లేహ్యం చేసుకు తింటే తనకిక చావుండదని వాడి ఆశ. "నీ చెల్లెలు అర్కపురి జిల్లేడు కొమ్మల మధ్య ఉంది" అని ఒక ముని చెబితే, కొండలు దిగి, మొసళ్ళ ఏరు ఈది కీర్తిసేనుడు ఇక్కడికి చేరాడు.

మిగతా సంగతి ఉపాచార్యుడు హేరంబుడు చెప్పాడు. నిన్న సాయంకాలం ఏటి మెట్ల మీద యువరాజు పక్కన కూర్చుని, నీళ్ళలోకి చూస్తూ, "నువ్వు విద్యార్థివి కావని నాకు తెలుసు బాబూ. భయపడకు. పరాంకుశుడు వలలో పెట్టినది సీతాకోక కాదు, ఆడపిల్ల. కొత్త జాతి అని పేరు పెట్టి రేపు గుచ్చేస్తాడు. అసలు పరాంకుశుడు ఎప్పుడో పోయాడు. ఆ తలపాగా కింద ఉన్నది ఎవరో నువ్వే ఆలోచించుకో" అన్నాడు. అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

లోకంలో ఎవరినీ నమ్మని కీర్తిసేనుడు ఆ మాట మాత్రం ఇట్టే నమ్మేశాడు. తన మనసులో ఉన్నదే ఎదుటివాడి నోట వినిపిస్తే ఎవరైనా అంతే కదా.

"సభ దాకా ఆగడం ఎందుకు? ఇప్పుడే వల కోసేస్తాను" అని లేచాడు యువరాజు. బుర్రయ్య వద్దనేలోగా పాలతీగ పట్టుకుని చావడి గోడ ఎక్కేశాడు.

పైకప్పు పెంకు ఒకటి జారి కింద కావలివాడి డాలు మీద ఠంగున పడింది. "ఎవడ్రా అది?" అని కేక. రివ్వున ఈటె వచ్చి యువరాజు చెవి పక్కగా దూలంలో దిగబడింది. అతను ఆ ఈటెనే పట్టుకుని వేలాడి, కాళ్ళతో కిటికీ తోసుకుని లోపల పడ్డాడు. పడటం పడటం జిల్లేడు పాల తొట్టి అంచున పడ్డాడు. ఇంకొంచెం జరిగి ఉంటే ఆ పాలు కళ్ళలో పడి చూపు పోయేది. ఊపిరి బిగబట్టి లేచేసరికి గది మధ్యలో సన్నని పట్టువల, ఆ వలలో సీతాకోక కనబడింది.

నారింజ రంగు రెక్కలు. పైరెక్క కొసలు నల్లగా, ఆ నలుపులో అడ్డంగా తెల్లని పట్టీ. అతన్ని చూడగానే అది కొమ్మ వదిలి వల దగ్గరికి వచ్చి, అతని వేలికి ఎదురుగా వాలింది. రెక్కలు చిన్నగా వణికించింది. కీర్తిసేనుడికి ఏడుపు ఆగలేదు.

"మధూ! నేనమ్మా, అన్నయ్యను! భయపడకు తల్లీ, వచ్చేశాను!"

మొలలోంచి చురకత్తి తీశాడు. వలకు ఆనించాడో లేదో, మెడ మీద చల్లగా ఏదో గుచ్చుకుంది.

"కత్తి కింద పెట్టు" అన్నారు పరాంకుశులవారు. ఆయన చేతిలో బంగారు ముల్లు. గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయంగా ఉంది. "ఎవరు నువ్వు? ఎవరు పంపారు?"

"కేశవయ్యను స్వామీ. దీని రెక్కల మీది చుక్కలు లెక్క చూద్దామని..."

"చుక్కలు చూడటానికి చురకత్తి ఎందుకు అబ్బాయీ?"

"నాగదంతి కోసే కత్తి అండీ."

పరాంకుశులవారు అతని ముఖంలోకి చూశారు. కీర్తిసేనుడు ఆయన తలపాగా వంక చూశాడు. ఆ చూపు కనిపెట్టి ఆయన గబుక్కున తలపాగా మీద చేయి వేసుకుని ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ క్షణాన ఇద్దరిలో ఎవరైనా ఒకరు నోరు విప్పి నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడే హాయిగా ముగిసేది. చెప్పలేదు. ఎదుటివాడే దొంగ అని ఇద్దరికీ గట్టి నమ్మకం.

"ఫో" అన్నారు ఆచార్యులవారు చివరికి. "సభలో నా కళ్ళ ముందే కూర్చో. కదిలావో, ఈసారి కావలివాళ్ళు గురి తప్పరు."

బయటికి వచ్చిన యువరాజు బుర్రయ్యను మూలకు లాగాడు.

"విను. సభలో ఆయన అది కొత్త జాతి అంటాడు. అది పాతదే, జిల్లేటి పులిచారే అని నేను వాదిస్తాను. పాతదని తేలితే చట్టం ప్రకారం వదిలేయాలి. కానీ చివర్లో నాగదంతి పరీక్ష పెడతారు. జిల్లేటి కులానికి ఎండిన నాగదంతి వాసనంటే ప్రాణం, ఎక్కడున్నా వచ్చి వాలుతుంది. మా చెల్లెలికి ఆ కట్టె సంగతి ఏం తెలుసు పాపం? అందుకని కట్టకు తేనె పూసెయ్. తేనెకైతే వస్తుంది."

"పట్టుబడితే?"

"పట్టుబడకు."

"ఎంత తేలిగ్గా చెప్పారండీ" అని నిట్టూర్చి బుర్రయ్య తేనె గిన్నె పైపంచెలో దాచుకున్నాడు.

మధ్యాహ్నం గంట మోగింది. స్ఫటికపు కప్పులోంచి ఎండ నిలువునా పడి నామశాల అంతా ధగధగలాడింది. గోడల నిండా సాక్షులు. ఏనాటివో రెక్కలు, ఒక్కొక్క గుండెలో ఒక్కొక్క బంగారు ముల్లు. రాజు చిత్రభానుడు జిల్లేడు పూల దండ వేసుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. మనిషి మంచివాడే, కాకపోతే సభ మొదలయ్యేసరికి నిద్ర ముంచుకొచ్చే రకం. పండితులు ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ కూర్చున్నారు. హేరంబుడు మాత్రం కళ్ళు దించుకుని జపం చేసుకుంటున్నాడు.

పరాంకుశులవారు వలను బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు.

"మహారాజా, దీన్ని జిల్లేటి పులిచార అనుకుని ఎవరైనా పొరబడతారు. రంగు అదే, అంచు అదే. కానీ పులిచార కింది రెక్క నడుమ నల్ల చుక్కల గుంపు ఉంటుంది. దీనికి ఉన్నది ఒక్కటే చుక్క. పులిచార తాపీగా ఎగురుతుంది, దాన్ని తింటే చేదు కనుక పిట్టకు భయపడదు. ఇది నీడ పడితే చాలు అదిరిపడుతోంది. ఇది జిల్లేటి ఇంటి పిల్ల కాదు. జిల్లేటివారి చీర దొంగిలించి కట్టుకుని వచ్చిన వేషం. కనుక దీనికి ఇంటిపేరు వేషాల, సొంత పేరు నారింజ. వేషాల నారింజ అని పేరు పెట్టి, సాక్షిని నిలబెట్టడానికి సెలవు ఇప్పించండి."

"బాగుంది, కానివ్వండి" అన్నాడు రాజు ఆవులిస్తూ.

"ఆగండి!" కీర్తిసేనుడు లేచాడు.

సభలో గుసగుసలు రేగాయి. కావలివాళ్ళు ఈటెలు సర్దుకున్నారు. పరాంకుశులవారి చూపు సూదిలా వచ్చి అతని మీద నిలిచింది.

"విద్యార్థికి మాట్లాడే హక్కు లేదు" అన్నారు ఆయన.

"ప్రాణం తీసే ముందు ఎవరు అడ్డుపడినా వినాలని మన చట్టంలో ఉంది కదా మహారాజా" అన్నాడు హేరంబుడు మెల్లగా. రాజు తల ఊపాడు.

"మహాప్రభూ, మాది కొండ దేశం" అని మొదలుపెట్టాడు యువరాజు. "మా వైపు పులిచారలకు ఒక దానికి చుక్కలు ఎక్కువ, ఒక దానికి తక్కువ. ఒక్క తల్లి పెట్టిన గుడ్లలోనే రెక్క తెల్లబారినవి కొన్ని, ఎర్రగా తేలినవి కొన్ని. ఏమండీ పండితులూ, మీ ఇంట్లో ఒక పిల్లకు పుట్టుమచ్చ ఉండి, ఇంకో పిల్లకు లేకపోతే ఇంటిపేరు మార్చేస్తారా?"

సభ ఘొల్లున నవ్వింది. రాజుగారికి నిద్ర వదిలిపోయింది.

"మచ్చ లేకపోతే మార్చం" అన్నారు పరాంకుశులవారు. నవ్వలేదు. "కానీ తల్లిపాలే తాగకపోతే? దీని పురుగు జిల్లేడు ఆకు కొరకగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఈ సభలో?"

"తాగలేదని చూసినవాళ్ళు ఉన్నారా? మీరు రెక్క చూసి పేరు పెడుతున్నారు స్వామీ. ఇలాగే పూర్వం ఆడదానికి ఒక పేరు, మగదానికి ఒక పేరు పెట్టి రెండు ముళ్ళు వృథా చేశారు. ఆ తప్పు ఇదే గోడ మీద ఉంది, అందరూ చూడొచ్చు."

ఆ మాటకు పండితులు సిగ్గుపడి నేల చూపులు చూశారు. అది ఆ ఊరివాళ్ళకు తగిలే దెబ్బ. రెక్కను అంత శ్రద్ధగా చూసేవాళ్ళు, ఆ రెక్క కింద ఉన్నది మగడో పెళ్ళామో చూడటం మరిచిపోయారు మరి.

పరాంకుశులవారి నుదుట చెమట పట్టింది. "మహారాజా, ఆలస్యం చేయకండి. దయచేసి నన్ను నమ్మండి" అన్నారు.

'చూడు, ఎలా తొందరపడుతున్నాడో' అనుకున్నాడు కీర్తిసేనుడు. అతని అనుమానం ఇంకా గట్టిపడింది.

"నాగదంతి పరీక్ష పెట్టండి" అని తీర్పు చెప్పాడు రాజు. "వాలితే పాతది, వదిలేయండి. వాలకపోతే ఆచార్యులవారి మాటే ఖాయం."

"పెట్టండి" అన్నారు పరాంకుశులవారు. ఆయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఆ వేషం నాగదంతికి వాలదని ఆయన నమ్మకం.

ఎండిన కట్టను వలలో ఒక మూల పెట్టారు. ఇంకో మూలన తాజా చామంతులు. సభ అంతా మెడలు చాచింది. సీతాకోక కొంచెంసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా చామంతుల వైపు తిరిగింది. అంతలో అది ఆగింది. వెనక్కి తిరిగింది. చామంతుల వంక మళ్ళీ చూడకుండా తిన్నగా నాగదంతి కట్ట మీదికి నడిచిపోయి, రెక్కలు ముడుచుకుని కూర్చుంది.

"పాతదే! జిల్లేటి పులిచారే!" పండితులు చప్పట్లు కొట్టారు. రాజు చేయి ఊపాడు. "వల విప్పండి!"

"వద్దు!" పరాంకుశులవారు వలకు అడ్డం పడ్డారు. కావలివాళ్ళు ఆయన్ను పక్కకు లాగారు. ఆ పెద్దాయన కాళ్ళు నేలకు తన్నుకుంటూ, "విప్పకండిరా! మీకు దండం పెడతాను, విప్పకండి!" అని అరుస్తుంటే చూసేవాళ్ళకే జాలేసింది. కీర్తిసేనుడికి మాత్రం జాలి కలగలేదు. తానే ముందుకు ఉరికి వల ముడి విప్పాడు.

అప్పుడు బుర్రయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"దొరా, నేను తేనె పూయలేదు."

"ఏమిటీ?"

"కట్ట దగ్గరి కావలివాడు కదల్లేదండీ. ఇదిగో గిన్నె, నిండుగానే ఉంది. ఆ కట్టకు ఏమీ లేదు. మరి అది ఎందుకు వాలింది?"

"సభలో మాటలు విని అర్థం చేసుకుంది, అంతే! మా మధు తెలివైనది కాదూ?"

"మాటలు అర్థం చేసుకునేది మీ చెల్లెలు ఒక్కతేనా దొరా?"

సీతాకోక వల దాటి బయటికి వచ్చింది. అన్న చేతి మీద వాలలేదు, అన్న ముఖం వంక చూడలేదు. బాణంలా పైకి దూసుకుపోయి కప్పు కింద గిర్రున తిరిగింది. తిరిగే కొద్దీ రెక్కలు పెరిగాయి. నారింజ రంగు మసిబారి పొగ కమ్మింది. ఆ పొగలోంచి ఒక నవ్వు వినిపించింది. కుంభగిరి ఉయ్యాల మండపంలో అతను విన్న నవ్వే.

దూలం మీద గబ్బిలంలా రెక్కలు ముడుచుకుని ధూమకంఠుడు నిలబడ్డాడు.

"భలే వాదించావు యువరాజా! నా తరఫున ఇంత బాగా మాట్లాడినవాడు ఇంతవరకు లేడు!"

సభ చెల్లాచెదురైంది. పండితులు బల్లల కింద దూరారు. కావలివాళ్ళు విసిరిన ఈటెలు వాడి ఒంటికి తగిలి పుల్లల్లా విరిగిపడ్డాయి. పరాంకుశులవారు నేల మీద కూలబడి తలబాదుకున్నారు.

"ఏం పని చేశావు నాయనా! ఎంత కష్టపడి పట్టానురా వాణ్ణి! వాడికి చావు ఈ పేర్ల ముల్లుతోనే. పేరు పెట్టకుండా ముల్లు ఎత్తడానికి నాకు హక్కు లేదు. ఈ సభలో వాడి మనిషి ఒకడున్నాడని తెలుసు, ఎవడో తెలియదు. నోరు విప్పితే ఆ క్షణమే వల కోసేసేవాడు. అందుకే కొత్త జాతి అని అబద్ధమాడాను!"

"మీరు... మీరు ధూమకంఠుడు కాదా?"

"నేనా? నువ్వే వాడి మనిషివనుకున్నాను నేను!"

ఆయన తలపాగా విప్పారు. మడతల మధ్య దూది, ఆ దూదిలో ఆకుపచ్చని గూడు ఒకటి, చుట్టూ బంగారు చుక్కలు మెరుస్తున్నాయి. "వనంలో దొరికిన ఈ పురుగు పాట వింటే తల ఎత్తేది. కన్నీళ్ళు పెట్టుకునేది. ఎవరి బిడ్డో తెలియదు, దాచుకున్నాను. దీన్ని ఎత్తుకుపోవడానికే వాడు రెక్కలు కట్టుకుని వచ్చి నా వలలో పడ్డాడు. గూడు చిట్లేలోగా వాడు చస్తే ఈ పిల్ల మనిషై లేస్తుంది."

"చిట్లితే?"

"చిట్లాక మళ్ళీ మనిషిని చేసే మంత్రం వాడి ఒక్కడి నోట్లోనే ఉంది. వాడు చస్తే అది కూడా పోతుంది. ఇక జన్మంతా సీతాకోకే. సీతాకోక జన్మ ఎంతని నాయనా?"

గూడు అంచులు అప్పటికే పలచబడి, లోపలి రెక్క రంగు లీలగా కనబడుతోంది. ఇంత దగ్గరగా ఉన్న చెల్లెలిని వదిలేసి, ఆమెను చెరబట్టినవాడి కోసం తాను గొంతు చించుకున్నాడు. ఆ సంగతి తలకెక్కగానే కీర్తిసేనుడు "మా చెల్లెలండీ! అది మా మధు!" అని చేతులు చాచాడు.

ఆ చేతులకంటే ముందు హేరంబుడి చేయి వచ్చింది. జపమాల విసిరేసి, గద్దలా గూడు తన్నుకుని, "ప్రభూ, ఇదిగో!" అని పైకి విసిరాడు. "ఏటి గట్టున ఏడ్చింది నువ్వేనా ముదనష్టపోడా!" అని బుర్రయ్య తేనె గిన్నెతో వాడి నెత్తిన ఒక్కటి వేశాడు. హేరంబుడు తేనెలో దొర్లాడు గానీ అప్పటికే గూడు ధూమకంఠుడి గుప్పిట్లో ఉంది. వాడు కప్పు పలకలు బద్దలుకొట్టుకుని పైకి లేచాడు.

కీర్తిసేనుడు ఆచార్యులవారి చేతిలో ముల్లు లాక్కుని పళ్ళ మధ్య పట్టుకున్నాడు. బల్ల ఎక్కి, తెర పట్టుకుని ఊగి, ఒక్క గెంతు గెంతాడు. చేతికి మాంత్రికుడి చీలమండ దొరికింది.

నామశాల కిందకు జారిపోయింది. జిల్లేడు వనం, ఏరు, ఊరు అన్నీ చిన్నవైపోయాయి. గాలి ఈలలు వేస్తోంది. ధూమకంఠుడు కాళ్ళు విదిలించాడు, గిరికీలు కొట్టాడు. కీర్తిసేనుడు వదల్లేదు. మోకాలు పట్టుకున్నాడు, మొలతాడు పట్టుకున్నాడు, భుజం అందుకున్నాడు. ఎదురెదురుగా ముఖాలు.

"ముల్లు కింద పారెయ్! లేదా గూడు వదిలేస్తాను!" అన్నాడు మాంత్రికుడు గుప్పిట చాచి.

"వదలవు. అది నీ చావులేని మందు. నీ ఒక్క మాట కూడా ఇక నమ్మను" అని యువరాజు ముల్లు చేతిలోకి తీసుకుని వాడి గుండెకు గురిపెట్టి ఎత్తాడు.

అప్పుడే ఆ గుప్పిట్లో చిన్న చప్పుడైంది. ఎండిన ఆకు విరిగినంత చప్పుడు.

వేళ్ళ సందులోంచి సన్నని కాలు ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక ముడతలు పడిన తడి రెక్క. నల్లని తల మీద తెల్లని చుక్కలు. అది తల ఎత్తి అన్న ముఖంలోకి చూసింది.

ముల్లు వాడి గుండెకు తగిలి ఆగిపోయింది.

"ఏమైంది యువరాజా? గుచ్చు మరి" అన్నాడు ధూమకంఠుడు తీరిగ్గా. "నాతోపాటు ఆ మంత్రం కూడా పోతుంది."

కింద నుంచి పరాంకుశులవారి కేక గాలిలో తేలి వచ్చింది. "గోడ మీది ముళ్ళు పీకి బాణాలకు కట్టండి! గూడు చిట్లేలోగా వాణ్ణి కూల్చండి!" గూడు చిట్లిన సంగతి ఆ పెద్దాయనకు అంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? రాజుగారి విలుకాళ్ళు అప్పటికే నామశాల కప్పు మీద బారులు తీరారు. బాణాల కొసన బంగారం ఎండకు మెరిసింది.

"వద్దు! కొట్టకండి!" అని కీర్తిసేనుడు గొంతు పగిలేలా అరిచాడు. గాలి ఆ మాటను కిందకు చేరనివ్వలేదు. వింటినారులు ఒక్కసారి మోగాయి.

కీర్తిసేనుడు ముల్లు మొలలో దోపుకున్నాడు. రెండు చేతులా ధూమకంఠుణ్ణి గట్టిగా వాటేసుకుని, తన చెల్లెలిని పురుగును చేసిన ఆ పాపిష్టివాడి గుండెకు తన వీపు అడ్డం పెట్టాడు.